బొమ్మ మసక, మాట మాయం: ఒక క్లబ్‌హౌస్ ప్రొజెక్టర్ కేసు

బెంగళూరులో ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంటు. పేరు, మనుషుల వివరాలు రాయడం లేదు, అవి లేకపోయినా కేసు అర్థమవుతుంది. హాళ్లలో, ఆఫీసుల్లో ప్రొజెక్టర్లు, స్పీకర్లు బిగించడం, మొరాయిస్తే సరిచేయడం నా పని. ఈ కేసు ప్రత్యేకంగా రాయడానికి కారణం ఒకటే. ఇందులో ఒక్క వస్తువు కూడా పాడవలేదు. ప్రొజెక్టర్, మిక్సర్, స్పీకర్లు, కేబుళ్లు అన్నీ బాగానే ఉన్నాయి. అయినా బొమ్మ సరిగ్గా కనిపించేది కాదు, మాట వినిపించేది కాదు, కమిటీ వాళ్లేమో లక్షన్నర దాటిన కొత్త ప్రొజెక్టర్ కొటేషన్ మీద సంతకం పెట్టడానికి సిద్ధంగా కూర్చున్నారు.

హాలు సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే సగం సమస్య అక్కడే ఉంది. పొడవు సుమారు నలభై అడుగులు. ఒక పక్క గోడంతా అద్దాలు, కింద నున్నటి టైల్స్, పైన ఫాల్స్ సీలింగ్, అందులో వరసలుగా ఎల్ఈడీ ప్యానెళ్లు. ముందు గోడకి 150 అంగుళాల మోటారు స్క్రీన్. ప్రొజెక్టర్ ల్యాంప్ రకం, వెలుతురు 3,600 ల్యూమెన్లు, బొమ్మ 1280×800 పిక్సెళ్లు. ఇంటీరియర్ పని చేసినవాళ్లు దాన్ని స్క్రీన్‌కి అయిదు మీటర్ల దూరంలో, ఒక బీము పక్కన, కాస్త కిందికి వంచి బిగించారు. శనివారం రాత్రి సినిమా, ఆదివారం పొద్దున పిల్లలకి తెలుగు తరగతి, అప్పుడప్పుడూ అసోసియేషన్ మీటింగుల్లో లెక్కల షీట్లు. అనంతపురం, కర్నూలు, చిత్తూరు, నెల్లూరు వైపు కుటుంబాలు ఎక్కువ. కన్నడ, తమిళ కుటుంబాలు కూడా సినిమాకి వస్తాయి. హాలు ఖాళీగా ఉండేది కాదన్నమాట, అందుకే ఫిర్యాదులు కూడా ఎక్కువే.

ఫోన్లో సెక్రటరీగారు చెప్పింది ఇదీ: "బొమ్మ మసగ్గా ఉంది, డైలాగులు వినపడవు, ఫ్యాన్ రొద, మధ్యలో ఆగిపోతుంది. మెషీన్ అయిపోయినట్టుంది, ఒకసారి చూసి చెప్పండి, కొత్తది తీసుకుందాం." ఇలా నాలుగు ఫిర్యాదులు ఒకే వాక్యంలో వస్తే నేను దేన్నీ ఒకే జబ్బుగా తీసుకోను. బొమ్మకీ మాటకీ దారులు వేరు. రెండూ ఒకేసారి చెడ్డాయంటే ప్రొజెక్టర్ ఒక్కటే చెడిందని అనుకోవడం కంటే, చుట్టూ ఏదో మారిందనో, మొదటినుంచీ తప్పుగా ఉన్నది ఇప్పుడు బయటపడిందనో అనుకోవడమే మేలు.

అక్కడికి వెళ్లాక ముందు అడిగింది, ఇప్పటిదాకా ఎవరెవరు ఏమేం మార్చారని. జాబితా పెద్దదే. బ్రైట్‌నెస్ చివరిదాకా, కాంట్రాస్ట్ చివరిదాకా పెంచారు. కలర్ మోడ్ డైనమిక్‌కి మార్చారు. వంకరగా పడ్డ బొమ్మని సరిచేసే కీస్టోన్ బాగా లాగారు. ల్యాంప్ ఎక్కువ రోజులు రావాలని తక్కువ పవర్‌తో నడిచే ఎకో మోడ్‌లో పెట్టారు. బెంగళూరు ఎత్తులో ఉంది కదా అని ఒకరు హై ఆల్టిట్యూడ్ మోడ్ ఆన్ చేశారు. డైలాగుల కోసం పెద్ద బ్లూటూత్ పార్టీ స్పీకర్ కొన్నారు. ఇవన్నీ మంచి మనసుతో చేసినవే, ప్రతిదానికీ ఒక కారణం ఉంది. చిక్కేమిటంటే ఒకదాని ఫలితాన్ని ఇంకోటి కప్పేసింది.

అందుకని మెనూలోని ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను. ఇంకా రీసెట్ కొట్టలేదు. ముందు ఉన్నది ఉన్నట్టుగా కొలవాలి, లేకపోతే తర్వాత ఏది ఎంత బాగుపడిందో చెప్పడానికి ఆధారం ఉండదు. రోజూ వచ్చినట్టే లైట్లన్నీ వేయించి, స్క్రీన్ మధ్యలో, మీద పడే వెలుతుర్ని కొలిచే లక్స్ మీటర్ పెట్టాను. తెల్ల బొమ్మ వేస్తే 310 లక్స్, నల్ల బొమ్మ వేస్తే 140. అంటే తెలుపు నలుపుకి 2.2 రెట్లే. తర్వాత లైట్లు ఆర్పి చూస్తే ప్రొజెక్టర్ సొంత తెలుపు 190, నలుపు 20. మిగతా 120 సీలింగ్ లైట్లది.

ఈ నాలుగు అంకెలే కేసులో సగం. సభల్లో, తరగతుల్లో తెలుపు-నలుపు నిష్పత్తి ఎంత ఉండాలో అమెరికాలోని ఆన్సీ/ఇన్ఫోకామ్ సంస్థల 3ఎమ్-2011 ప్రమాణం చెప్పింది: ఊరికే చూడ్డానికి 7, చదివి అర్థం చేసుకోవడానికి 15, వివరాలు పరిశీలించడానికి 50, సినిమాకి 80. మన దగ్గర ఉన్నది 2.2. కొటేషన్‌లో ఉన్న కొత్త ప్రొజెక్టర్ 4,500 ల్యూమెన్లది. ఆ లైట్ల కిందే, ఆ స్క్రీన్ మీదే దాన్ని పెడితే లెక్కకి తెలుపు ఏడెనిమిది వందల లక్స్ దాకా రావచ్చు, నలుపు మాత్రం 120 కిందికి దిగదు. ఆరేడు రెట్లు. లక్షన్నర పెట్టి చదవడానికి చాలని స్థాయి దగ్గరే ఆగిపోతాం. ఈ మాట సెక్రటరీగారికి మీటర్ చూపిస్తూ చెప్పాను, నోటిమాటగా చెప్పి ఉంటే అమ్మడానికో ఆపడానికో చెబుతున్నాడని అనుకునేవారు.

"బ్రైట్‌నెస్ వందలో పెట్టాం సార్, ఇంక ఎక్కడ పెంచాలి?" అన్నారాయన. దీని దగ్గర చాలామంది ఆగిపోతారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మెనూలోని బ్రైట్‌నెస్ ల్యాంప్ వెలుతుర్ని పెంచదు. అది నలుపు ఎక్కడ మొదలవ్వాలో మారుస్తుంది. దాన్ని పెంచితే నల్లగా ఉండాల్సినవి బూడిద రంగులోకి వస్తాయి, బొమ్మ మొత్తం వెలిగినట్టు అనిపిస్తుంది కానీ పలచబడుతుంది, మజ్జిగలో నీళ్లు పోసి గ్లాసు నింపినట్టు. కాంట్రాస్ట్ తెలుపు వైపుని మారుస్తుంది, అతిగా పెంచితే తెల్ల చొక్కా మీద మడతలు, మేఘాల్లో తేడాలు పోయి అంతా ఒకటే తెలుపు అయిపోతుంది. నిజంగా వెలుతురు పెరగాలంటే దారులు వేరే ఉన్నాయి: ల్యాంప్ పవర్ మోడ్, బొమ్మ సైజు, లెన్స్ జూమ్, కలర్ మోడ్, ల్యాంప్ వయసు. ఇక గదిలో వెలుతురు తగ్గించడం, అదే అన్నిటికంటే పెద్దది.

కాబట్టి మొదట గది. లైట్లన్నీ ఆర్పేస్తే సరిపోదా అంటే, సరిపోదు. తరగతిలో పిల్లలు నోట్సు రాసుకోవాలి, సినిమా మధ్యలో పెద్దవాళ్లు లేచి నడుస్తారు. డిమ్మర్ పెట్టి చూశాం. ప్యానెళ్లలోని డ్రైవర్లు డిమ్మర్‌కి పనికొచ్చే రకం కాదు, తగ్గించగానే మిణుకుమనడం మొదలైంది, తీసేశాం. అప్పుడు అక్కడి ఎలక్ట్రీషియన్, కన్నడ ఆయన, నన్ను "అణ్ణా" అని పిలుస్తూనే మంచి తెలుగులో ఒక మాటన్నాడు: "ముందర రెండు లైన్లు వేరే స్విచ్చుకి ఇస్తే చాలు కదా, వెనకవి ఉండనీ." అదే చేశాం. స్క్రీన్‌కి దగ్గరగా ఉన్న రెండు వరసలు ఆరితే స్క్రీన్ మీద పడే గది వెలుతురు అయిదో వంతుకి దిగింది. వెనక కూర్చున్నవాళ్లకి రాసుకునే వెలుతురు అలాగే ఉంది. అద్దాల వైపు మందపాటి కర్టెన్లు కూడా చెప్పాను, దానికి ఇంకో కారణం ఉంది, మాట దగ్గర చెప్తాను.

తర్వాత బొమ్మ సైజు. ఇక్కడే కమిటీతో ఎక్కువసేపు మాట్లాడాల్సి వచ్చింది. 150 అంగుళాల స్క్రీన్ కొన్నాక 120 అంగుళాల బొమ్మ వేయండి అంటే ఎవరికైనా మనసొప్పదు. లెక్క మాత్రం సూటిగా ఉంటుంది. 150 అంగుళాల బొమ్మ వైశాల్యం సుమారు 6.5 చదరపు మీటర్లు, 120 అంగుళాలది 4.2. అదే వెలుతురు తక్కువ చోట పడితే ఒకటిన్నర రెట్లకి పైగా పెరుగుతుంది, పైసా ఖర్చు లేకుండా. లెక్కతో ఒప్పుకోలేదు, ఒప్పుకోమని అడగలేదు కూడా. తెలుగు తరగతి చెప్పే మేడమ్‌ని చివరి వరసలో కూర్చోబెట్టి, ఒకే పేజీని రెండు సైజుల్లో వేసి, ఏది చదవడానికి బాగుందో చెప్పమన్నాం. ఆవిడ చిన్నదే అన్నారు, వెంటనే ఇంకో మాట కూడా అన్నారు: "రెండింట్లోనూ థలో చుక్క కనపడట్లేదండీ. పిల్లలు 'కథ'ని 'కధ' అని రాస్తున్నారు, నేనేమో వాళ్లకే శ్రద్ధ లేదనుకున్నాను."

దగ్గరికి వెళ్లి చూశాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. థ లోపలి చుక్క పక్క గీతతో కలిసిపోయి చిన్న మచ్చలా మిగిలింది. ధ కింద గీత ఉందా లేదా అన్నది అనుమానమే. ప, ష పక్కపక్కన పెడితే తేడా ఊహించుకోవాలి. ఒత్తుల సంగతి చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాలైతే ఇంత ఇబ్బంది ఉండదు, అందుకే మీటింగు షీట్లు చూసేవాళ్లెవరూ ఈ ఫిర్యాదు చేయలేదు. తెలుగు అక్షరంలో తేడా అంతా ఒక చుక్కలో, ఒక చిన్న గీతలో ఉంటుంది, పిక్సెల్ అటూఇటూ అయితే అక్షరమే మారిపోతుంది.

కారణాలు రెండు. ఒకటి, ల్యాప్‌టాప్ 1366×768లో పంపుతోంది, ప్రొజెక్టర్‌లో ఉన్నవి 1280×800. ప్రతి అక్షరాన్నీ అది కుదించి, సర్ది వేయాలి, ఆ సర్దుబాటులో గీతలు పాకుతాయి. రెండు, కీస్టోన్. ప్రొజెక్టర్ వంగి ఉంటే బొమ్మ ఒక వైపు వెడల్పుగా పడుతుంది. కీస్టోన్ దాన్ని లెన్స్‌తో సరిచేయదు, బొమ్మని లోపలే నలిపి, ప్యానెల్‌లో కొంత భాగం వాడకుండా వదిలేసి, చూడ్డానికి దీర్ఘచతురస్రంలా చేస్తుంది. పిక్సెళ్లు పోతాయి, వాటితోపాటు వెలుతురూ పోతుంది. నా లెక్కలో కీస్టోన్ ప్రయాణాల్లో, బల్ల మీద పెట్టి వాడుకునేవాళ్లకి పనికొచ్చేది. సీలింగ్‌కి శాశ్వతంగా బిగించినదానికి కీస్టోన్ వాడాల్సి వచ్చిందంటే బిగించడంలోనే ఏదో తేడా ఉన్నట్టు.

కాబట్టి స్టాండు విప్పి జరిపాం. ఈ లెన్స్‌కి బొమ్మ వెడల్పుకి 1.3 నుంచి 1.56 రెట్ల దూరం కావాలి. పాత చోట జూమ్ ఒక చివరన ఉంది, వెలుతురు తక్కువగా వదిలే చివరన. 120 అంగుళాల బొమ్మ వెడల్పు 2.6 మీటర్లు, దాన్ని 1.3తో గుణిస్తే 3.4 మీటర్లు. అక్కడికి జరిపితే జూమ్ రెండో చివరకి వస్తుంది, లెన్స్ గుండా కాస్త ఎక్కువ వెలుతురు వస్తుంది. స్క్రీన్ పై అంచుకి తగ్గ ఎత్తులో, వంపు లేకుండా, లెవెల్ పెట్టి బిగించాం. కీస్టోన్ సున్నా. స్క్రీన్‌కి రెండు పక్కలా అడుగు వెడల్పున తెల్ల పట్టీ మిగిలింది, దాన్ని అలాగే వదిలేశాం.

ఇప్పుడు రీసెట్ కొట్టాను. ల్యాప్‌టాప్‌ని 1280×800కి మార్చి, రెండో స్క్రీన్‌లో మాత్రమే చూపించేలా పెట్టి, అదే పేజీ వేశాను. మేడమ్ చివరి వరసలోంచే "చుక్క ఉంది" అన్నారు.

నలుపు మాత్రం ఇంకా బూడిదగానే ఉంది. లైట్లు లేవు, బ్రైట్‌నెస్ మామూలు స్థితికి వచ్చింది, అయినా నల్లగా రావడం లేదు. ఇలాంటప్పుడు ప్రొజెక్టర్ సొంత టెస్ట్ బొమ్మ వేసి చూడాలి. దాంట్లో నలుపు బాగుంది. ల్యాప్‌టాప్ నుంచి వచ్చినదాంట్లోనే తేడా. అంటే తప్పు సిగ్నల్‌లో ఉంది. హెచ్‌డీఎంఐలో వెలుగు స్థాయిలు పంపడానికి రెండు పద్ధతులు: 0 నుంచి 255 దాకా వాడే ఫుల్ రేంజ్, 16 నుంచి 235 దాకానే వాడే లిమిటెడ్ రేంజ్. ఇక్కడ ల్యాప్‌టాప్ లిమిటెడ్ పంపుతోంది, ప్రొజెక్టర్ ఫుల్ వస్తోందనుకుంటోంది. 16 అంటే ల్యాప్‌టాప్ దృష్టిలో పూర్తి నలుపు, ప్రొజెక్టర్ దృష్టిలో నలుపు కంటే కాస్త పైన. తెలుపు కూడా 235 దగ్గరే ఆగిపోతుంది. తిరగబడితే ఇంకో రోగం, రాత్రి సీన్లలో నీడలన్నీ మూసుకుపోతాయి. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఫుల్ అని మార్చాను. ప్రొజెక్టర్‌లో ఆటో వదలకుండా దాన్నీ ఫుల్‌కే పెట్టాను, ఎందుకంటే రేపు ఎవరో ఇంకో ల్యాప్‌టాప్ తెస్తే, తేడా ఉంటే ఎటు వైపు ఉందో వెంటనే తెలియాలి.

కలర్ మోడ్ నిర్ణయం సులభం కాదు. డైనమిక్ మోడ్‌లో వెలుతురు ఎక్కువ, కానీ ఆకుపచ్చ వైపు లాగుతుంది, మనుషుల మొహాలు జబ్బుపడినట్టు కనిపిస్తాయి. న్యాచురల్ మోడ్‌లో రంగులు నిజంగా ఉంటాయి, వెలుతురు దాదాపు మూడో వంతు పోతుంది. మొదట్లోనే మోడ్ మార్చి ఉంటే "ఇంకా చీకటైపోయింది" అని గోల చేసేవాళ్లు, న్యాయమే. కానీ ఇప్పుడు చిన్న బొమ్మ, జూమ్ మార్పు వల్ల వెలుతురు మిగులు ఉంది. దాంట్లోంచి కొంత రంగుకి ఖర్చు పెట్టొచ్చు. ఎకో కూడా తీసేశాం. ల్యాంప్ గంటలు 4,000 దాటాయి, అది సాయంగా ఉన్నన్ని రోజులు పూర్తి పవర్‌లో వాడుకోవడమే సరి, కనపడని బొమ్మతో ల్యాంప్‌ని కాపాడి ఏం లాభం?

మధ్యలో ఆగిపోవడానికి కారణం ఫిల్టర్. రింగ్ రోడ్డు పక్కన మెట్రో పనుల దుమ్ము సంగతి ఇక్కడ ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఫిల్టర్ మీద బూడిద రంగు పొర దుప్పటంత మందంగా ఉంది, గాలి ఆడక వేడెక్కి ఆగుతోంది. శుభ్రం చేశాం. ఫ్యాన్ రొదకి హై ఆల్టిట్యూడ్ మోడ్ కారణం. గాలి పలచగా ఉండే ఎత్తుల్లో చల్లదనం చాలదని ఫ్యాన్ వేగం పెంచే మోడ్ అది. ఈ ప్రొజెక్టర్ మాన్యువల్ 1,500 మీటర్లు దాటితేనే వాడమంటుంది. బెంగళూరు 900 మీటర్ల చిల్లర. ఊటీలో, 2,240 మీటర్ల దగ్గర అయితే తప్పనిసరి, ఇక్కడ అక్కర్లేదు. కొన్ని కంపెనీల మాన్యువళ్లలో ఈ హద్దు ఇంకా తక్కువగా ఉంటుంది, అందుకని మీ మోడల్‌ది చూసుకునే మార్చండి.

ఇక మాట. నాకు ఈ కేసులో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

డైలాగులు వినపడట్లేదు అన్నారు కదా, మరి పాటలు? "పాటలు అదిరిపోతాయి సార్, చెవులు మూసుకోవాలి" అన్నారు. మైకు? మైకు బ్రహ్మాండంగా ఉంది, అదే స్పీకర్లు, అదే మిక్సర్. ఈ రెండు జవాబులతో స్పీకర్లు, మిక్సర్, ఆంప్లిఫయర్ అన్నీ నిర్దోషులని తేలిపోయింది. తప్పు ల్యాప్‌టాప్ నుంచి మిక్సర్‌కి మధ్య ఉన్న ఒక్క కేబుల్ దారిలోనే ఉండాలి. కమిటీ వాళ్లు ఈక్వలైజర్‌లో మధ్య స్వరాలు పెంచి చూశారట, లాభం లేకపోయింది. లేనిదాన్ని ఎంత పెంచినా రాదు.

ఒక పాట వేయించి మిక్సర్ పక్కన నిలబడి విన్నాను. వయొలిన్లు ఉన్నాయి, తబలా దూరంగా ఉంది, కోరస్ ఉంది. పాడుతున్న మనిషి లేదు. సరిగ్గా చెప్పాలంటే గొంతు లేదు, గొంతు తాలూకు ప్రతిధ్వని మాత్రం వెనక ఎక్కడో తేలుతోంది. అది వినగానే చేయి నేరుగా ప్లగ్గు మీదికి వెళ్లింది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో ఉన్న 6.35 మిల్లీమీటర్ల జాక్‌ని సగం బయటికి లాగాను. గొంతు ఒక్కసారిగా హాలంతా నిండింది. వెనక నిలబడ్డ సెక్రటరీగారు "ఏం చేశారు సార్, ఏం చేశారు?" అని దగ్గరికొచ్చారు.

జరిగింది ఇదీ. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వచ్చే కేబుల్ స్టీరియో. ప్లగ్గు మీద రెండు నల్ల గీతలు, మూడు భాగాలు: కొన ఎడమ చెవిది, మధ్యది కుడి చెవిది, మిగిలింది ఎర్త్. మిక్సర్‌లోని ఆ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్ మోనో. దానికీ మూడు భాగాలే, కానీ అర్థం వేరు. కొన మీద వచ్చినదాంట్లోంచి మధ్యలో వచ్చినదాన్ని అది తీసేస్తుంది. పొడవైన కేబుళ్లలో రెండు తీగల మీదికీ సమానంగా ఎక్కే గుర్రుమనే శబ్దాన్ని పోగొట్టడానికి చేసిన ఏర్పాటు అది, మైకులకి ప్రాణం లాంటిది. స్టీరియో కేబుల్ అందులో గుచ్చితే ఎడమ లోంచి కుడి తీసివేత జరుగుతుంది. సినిమాల్లో డైలాగు, పాటలో గొంతు మధ్యలో వినపడాలని ఎడమ కుడి రెండింట్లోనూ సమానంగా ఉంచుతారు. సమానమైనదాన్ని సమానమైనదాంట్లోంచి తీస్తే సున్నా. ఎడమ కుడి మధ్య తేడా ఉన్న సంగీతం, ప్రతిధ్వని మాత్రం మిగులుతాయి. ప్లగ్గు సగం లాగితే ఒక్క భాగమే తగులుతుంది, తీసివేత ఆగిపోతుంది, గొంతు తిరిగొస్తుంది. ఆడియో పని చేసేవాళ్లు ఈ సగం లాగుడు పరీక్ష గుర్తుపెట్టుకోండి, క్షణాల్లో తేలిపోతుంది.

పరిష్కారం కేబుల్ మార్చడమే. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డులో ఏ కొట్టులో అడిగినా దొరుకుతుంది: ఒక వైపు చిన్న స్టీరియో ప్లగ్గు, రెండో వైపు రెండు మోనో జాక్‌లు, ఒక్కొక్క దాని మీద ఒకే నల్ల గీత. ఎడమ ఒక చానెల్‌లో, కుడి ఇంకో చానెల్‌లో. వందల్లో అయిపోయే వస్తువు.

కానీ అక్కడితో ఆపలేదు, ఎందుకంటే వాళ్లు సినిమాకి ల్యాప్‌టాప్ కాకుండా ఇంటర్నెట్ నుంచి సినిమాలు వేసే స్ట్రీమింగ్ స్టిక్ కూడా వాడతారు. దానికి హెడ్‌ఫోన్ సాకెట్ ఉండదు. అది ప్రొజెక్టర్‌కే తగిలించి ఉండటంతో మాట ప్రొజెక్టర్ బుల్లి స్పీకర్‌లో వచ్చేది, దాని కోసమే బ్లూటూత్ స్పీకర్ కొన్నారు. బ్లూటూత్‌తో మాట ఆలస్యంగా వస్తుంది, మామూలు కోడెక్‌లో, అంటే మాటని కుదించి పంపే పద్ధతిలో, 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్ల బీటీ.1359 సిఫార్సు ప్రకారం మాట బొమ్మ కంటే 125 మిల్లీసెకన్లు వెనకబడినా, 45 ముందుపడినా చూసేవాళ్లు పసిగడతారు. పెదవులకీ మాటకీ పొంతన లేదని పిల్లలు కూడా చెప్పారంటే ఆశ్చర్యం లేదు. మాట ఆలస్యమైతే మిక్సర్‌లో డిలే పెట్టి బాగుచేయలేం, డిలే మాటని ఆపి పంపేది కాబట్టి ఇంకా వెనక్కి పోతుంది. బొమ్మని ఆపాలి, అది ఈ ప్రొజెక్టర్‌లో కుదరదు. అందుకని బ్లూటూత్‌ని బొమ్మ ఉన్న పని నుంచి తప్పించాం. మెట్ల కింద పాటల కార్యక్రమాలకి వాడుకుంటున్నారు.

బదులుగా ల్యాప్‌టాప్, స్టిక్ రెండూ ఒక హెచ్‌డీఎంఐ స్విచ్‌కి, అక్కణ్ణుంచి ఆడియో విడదీసే డబ్బాకి. బొమ్మ ప్రొజెక్టర్‌కి పోతుంది, ఎడమ కుడి మాట తీగల మీద మిక్సర్‌కి. ఆ డబ్బా మీద చిన్న స్విచ్ ఉంటుంది, 2 చానెల్ (ఎడమ, కుడి) అనీ 5.1 (ఆరు స్పీకర్లకి వేరువేరుగా) అనీ. దాన్ని 2 చానెల్‌లో పెట్టి టేప్ అంటించాను. 5.1లో ఉంటే స్టిక్ మాటని మధ్య చానెల్‌లో వేరుగా పంపుతుంది, తీగల మీదికి ముందు ఎడమ కుడి మాత్రమే వచ్చి మళ్లీ డైలాగులు మాయమయ్యే ప్రమాదం ఉంది, కారణం వేరైనా రోగం అదే. ఇప్పుడు మాటే కొంచెం ముందు వస్తుంది, ఎందుకంటే ప్రొజెక్టర్ బొమ్మని సర్దడానికి రెండు మూడు ఫ్రేములు తీసుకుంటుంది, 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. ఇమేజ్ ప్రాసెసింగ్‌ని ఫాస్ట్‌కి మార్చితే అది దాదాపు పోయింది. పైగా శబ్దం మీటరు దాటడానికి 3 మిల్లీసెకన్లు పడుతుంది, వెనక వరసలకి చేరేసరికి మిగిలిన తేడా కూడా సరిపోతుంది.

కర్టెన్ల రెండో కారణం ఇదే. అద్దాలు, టైల్స్ మధ్య మాట కొట్టుకుంటూ తిరుగుతుంది, ఒక అక్షరం ఇంకా మోగుతుండగానే రెండోది వచ్చి మీద పడుతుంది. మందపాటి కర్టెన్ వెలుతుర్నీ ఆపుతుంది, ప్రతిధ్వనినీ కొంత తింటుంది. స్పీకర్లని అద్దాల వైపు కాకుండా కూర్చునే వరసల మీదికి కాస్త కిందికి తిప్పాం. మిక్సర్‌లో 100 హెర్ట్జ్ కింద తగ్గించాం, మాటకి దాంతో పని లేదు, గదిని గుమ్మనిపించడం తప్ప.

చివరికి కొలిస్తే, తరగతి కోసం ముందు వరసల లైట్లు ఆర్పి వెనకవి ఉంచితే తెలుపు 335, నలుపు 25, అంటే 13 రెట్లకి పైన. చదవడానికి కావాల్సిన 15కి దగ్గర. సినిమాకి అన్నీ ఆర్పి నడకదారి దీపాలు మాత్రం ఉంచితే 310కి 5, అంటే 62. 80 కాదు, లేత రంగు గోడల నుంచి తిరిగొచ్చే వెలుతురు వల్ల ఆ హాల్లో అంతకంటే రావడం కష్టం. కర్టెన్లు పక్కన పెడితే మిగతా ఖర్చంతా కలిపి పదిహేను వేలు దాటలేదు.

ఇలాంటి పని చేసేవాళ్లకి నేను గట్టిగా చెప్పే మాట, మెనూని చివరికి వదలండి. గది, తర్వాత ప్రొజెక్టర్ ఉన్న చోటు, తర్వాత సిగ్నల్, ఆ తర్వాతే మెనూ. ఈ వరస ఎందుకంటే ముందున్నది మార్చితే వెనకున్నవన్నీ మళ్లీ సర్దాల్సి వస్తుంది. స్టాండు జరపకముందు రంగులు సరిచేస్తే ఆ పనంతా వృథా. ఒకసారికి ఒక్కటే మార్చి కొలవండి. మైకు వినపడుతోంది, సినిమా వినపడట్లేదు లాంటి మాటల్ని జాగ్రత్తగా వినండి, సగం డయాగ్నసిస్ వాడేవాళ్ల నోట్లోనే ఉంటుంది. ఇక్కడ ఆ థ చుక్క గురించి మేడమ్ చెప్పకపోతే నేను రెజల్యూషన్ చూసేవాణ్ణే, కానీ తరగతికి అది ఎంత ముఖ్యమో తెలిసేది కాదు, సైజు విషయంలో కమిటీ ఒప్పుకునేదీ కాదు.

అప్పగించేటప్పుడు చేసినవి కూడా చెప్పాలి. మెమరీ 1లో తరగతి సెట్టింగులు, 2లో సినిమావి సేవ్ చేసి, రెండూ ఫోటోలుగా సెక్రటరీగారి ఫోన్లో పెట్టాం, ఎవరైనా కదిపినా వెనక్కి రావచ్చు. సినిమా అవగానే సెక్యూరిటీ అబ్బాయి గోడ స్విచ్ ఆపేసేవాడు, ల్యాంప్ వేడిగా ఉండగానే ఫ్యాన్ ఆగిపోయేది. ముందు రిమోట్‌తో ఆపి, ఫ్యాన్ తనంతట తాను ఆగాక స్విచ్ ఆపమని కన్నడలో, తెలుగులో రాసి అంటించాం. కరెంటు పోయినా ఇదే ఇబ్బంది కాబట్టి ప్రొజెక్టర్‌కి మాత్రం 1 కేవీఏ యూపీఎస్ ఇచ్చాం. ఫిల్టర్ నెలకోసారి.

తేలనిది ఒకటి ఉంది. మధ్యాహ్నం కార్యక్రమాలకి కర్టెన్లు వేసినా పైన వెంటిలేటర్ల నుంచి ఎండ వస్తుంది, నిష్పత్తి మళ్లీ అయిదారుకి పడిపోతుంది. ఇప్పటికి పగటి పూట మీటింగులు తక్కువ కాబట్టి వదిలేశారు. ల్యాంప్ అయిపోయినప్పుడు ఏం చేయాలని అడిగితే, పగటి వాడకం పెరగకపోతే కంపెనీ ఒరిజినల్ ల్యాంప్ వేయించమన్నాను, డూప్లికేట్ ల్యాంపులు వెలుతురు ముందే కోల్పోతాయి. పెరిగితే మాత్రం వెంటిలేటర్లు మూయించి, అప్పుడు 5,000 ల్యూమెన్ల లేజర్ గురించి ఆలోచించమన్నాను. లేజర్లు సాధారణంగా సగం వెలుతురికి దిగడానికి 20,000 గంటలు పడుతుందని చెబుతారు, ల్యాంప్ మార్చే బెడద ఉండదు. కానీ అదీ 120 అంగుళాలకే, ఇదే చోట, ఇదే స్టాండు మీద, లెన్స్ దూరం సరిపోయే మోడల్ చూసుకునే.